బ్యాంకు నుంచి ఫైనాన్స్ ప్రొఫెసర్ పోస్టుకు
అన్నా, పర్లాకిమిడిలో బ్యాంకు మేనేజరుగా ఉన్నారు, ఫైనాన్స్‌లో పీహెచ్‌డీ ఉంది, కాలేజీలో పాఠం చెప్పలేదు కదా, బరంపురంలో పడిన ప్రొఫెసర్ పోస్టుకు పనికొస్తానా అని అడిగారు. పనికొస్తారు. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2018 నిబంధనల్లో రెండు దారులున్నాయి. పదేళ్ల బోధన, 10 పరిశోధన పత్రాలు, 120 రీసెర్చ్ స్కోరు (పరిశోధన పనికి లెక్కగట్టే మార్కులు) అన్నది మాస్టార్ల దారి. మీది రెండోది: పీహెచ్‌డీ, పదేళ్ల అనుభవం, ఆ రంగంలో చేసిన విశేష కృషికి కాగితాల రుజువు.

చిక్కంతా ఆ రుజువు దగ్గరే. సర్వీసు సర్టిఫికెట్ ఒక్కటే పెడితే స్క్రీనింగ్ దాటడం కష్టం. అచ్చయిన వ్యాసాలు, స్టాఫ్ ట్రైనింగ్‌లో చెప్పిన క్లాసుల ఉత్తర్వులు జతచేయండి. రుజువు పేరుతో బ్యాంకు లోన్ ఫైళ్ల జోలికి మాత్రం పోకండి, లేనిపోని తలనొప్పి. ఒడియా భాష వచ్చి ఉండాలన్న షరతు ఉందేమో నోటిఫికేషన్‌లో చూసుకోండి. పీజీ పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే. బ్యాంకు ఇవ్వాల్సిన ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రానికి) ఇవాళే అర్జీ పెట్టండి, హెడ్డాఫీసు సంగతి మీకు నేను చెప్పాలా!