పసిపిల్లల మాడు ఎందుకు మెత్తగా ఉంటుంది? నూనె పెడితేనే పూడుతుందా?

పుర్రె ఎముకలు ఇంకా కలుసుకోకపోవడం వల్లే పసిపిల్లల మాడు మెత్తగా ఉంటుంది. నూనె పెట్టినా పెట్టకపోయినా ఎముకలు పెరిగేకొద్దీ అది తనంతట తానే పూడుకుంటుంది.

మెదడును కప్పే పుర్రె ఒకే చిప్ప కాదు. పుట్టినప్పుడు నుదుటి ఎముక రెండు భాగాలుగా, దాని వెనక, తలకు ఇరుపక్కలా ఉండే ఎముకలు రెండు విడివిడిగా ఉంటాయి. ఈ నాలుగూ ఎదురయ్యే చోట మిగిలిన ఖాళీయే మాడు. దాని మీద దళసరి పొర ఉంటుంది. ఈ ఖాళీలు ఉండబట్టే కాన్పులో ఈ ఎముకల పలకలు ఒకదాని మీదికి ఒకటి కాస్త జరిగి తల బయటికి రాగలుగుతుంది. మామూలు కాన్పులో పుట్టిన బిడ్డ తల మొదట కోలగా కనిపించి, కొన్ని రోజుల్లో గుండ్రబడటం అందుకే. ఆ తర్వాత వేగంగా పెరిగే మెదడుకూ చోటు కావాలి కదా! తల వెనకున్న చిన్న ఖాళీ 2, 3 నెలల్లో మూసుకుంటుంది. ముందున్న మాడు చాలామందిలో 12 నుంచి 18 నెలల మధ్య, కొందరిలో 2 ఏళ్లకు పూడుతుంది.

ఆముదం పట్టిస్తేనే మాడు గట్టిపడుతుందన్నది అపోహ. నూనె చర్మం మీదే ఉంటుంది, ఎముకను పెంచదు. ముట్టుకుంటే మెదడుకు దెబ్బ అన్న భయమూ అక్కర్లేదు. మెల్లగా తల రుద్ది స్నానం చేయించవచ్చు. మాడు కొట్టుకోవడం లోపలి రక్తనాళాల నాడి, అది సహజం. విరేచనాల తర్వాత లోతుకు పోయినా, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడూ ఉబ్బి కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించాలి.