ఒకే నంబరు, వేరు రంగులు: లయనెల్ 6464 బాక్స్‌కార్లలో అసలు వేరియేషన్‌ను గుర్తించడం ఎలా?

6464 నంబరున్న లయనెల్ బాక్స్‌కార్లు (బొమ్మ రైలుకు తగిలించే, మూసి ఉండే సరుకు పెట్టెలు) రెండు మీ కంటబడ్డాయనీ, వాటిలో ఒకటి మామూలు రంగులో లేనందున అది అరుదైనదంటూ అమ్మకందారు ఎక్కువ ధర చెబుతున్నాడనీ, నమ్మవచ్చా అనీ అడిగారు. ఈ వరుసను చాలాకాలంగా సేకరిస్తున్నవాడిగా నేను చెప్పగలిగేది ఇది: తేడా ఉండటం వేరు, ఆ తేడా కర్మాగారంలోనే పుట్టడం వేరు. రెండవది రుజువైనప్పుడే దానిని వేరియేషన్ అనాలి. మిగిలినదంతా ఎండ వల్లనో, రసాయనాల వల్లనో, ఎవరి కుంచె వల్లనో వచ్చిన మార్పు.

జాషువా లయనెల్ కోవెన్ 1900లో న్యూయార్కులో ప్రారంభించిన బొమ్మ రైళ్ల సంస్థ లయనెల్, 6464 వరుసను 1953లో విడుదల చేసింది. వేర్వేరు అమెరికా రైల్వే కంపెనీల రంగులతో, నంబరు చివర ఒక ఉపసంఖ్యతో ఇవి ఏళ్ల తరబడి వెలువడ్డాయి. ఇన్ని రకభేదాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే నకిలీని పట్టుకోవడం సులువవుతుంది. పైన ఎలాగూ రంగు వేస్తారు కాబట్టి లోపలి ప్లాస్టిక్ ఏ రంగుదైనా పని జరిగిపోయేది. అందువల్ల బయటకు ఒకేలా కనిపించే పెట్టెలను తిరగేసి చూస్తే లోపలి రంగులు వేరుగా ఉంటాయి. అక్షరాలు చదునుగా పడేందుకు పక్కగోడల మీది రివెట్ల వరుసల్లో కొంత భాగాన్ని తొలగిస్తూ, పెట్టెను పోతపోసే అచ్చును మార్చారు. తలుపులు కూడా తొలినాళ్లలో ఒకే పెద్ద పలకతోనూ, తరువాత పలు పలకలతోనూ వచ్చాయి. అచ్చులో వచ్చిన మార్పును ఇంటి దగ్గర కూర్చుని సృష్టించడం కష్టం కనుక, నా దృష్టిలో అదే అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం. రంగుది ఆ తరువాతి స్థానం.

అలాగని రంగు తేడాలన్నీ బూటకమని అనుకోకండి. 1954 నాటి 6464-100 వెస్టర్న్ పసిఫిక్ పెట్టె వెండిరంగు గోడ మీద ముద్రించిన పసుపు ఈక బొమ్మతో సాధారణంగా దొరుకుతుంది. నారింజరంగు మీద నీలి ఈక ఉన్నది మాత్రం అరుదు. అదే నారింజ, నీలి కలయికను 1966లో 6464-250 నంబరుతో మళ్లీ తెచ్చారు. ఈకను చూసి ఉప్పొంగిపోయేముందు ఉపసంఖ్యను చదవాలి. ఇలాంటిచోట ధరలు ఎంతో వేరుగా ఉంటాయి కాబట్టే మోసానికి తావు ఎక్కువ.

నేను పెట్టె చేతిలోకి తీసుకోగానే మొదట తలుపు జరుపుతాను. ఎండకు వెలిసినదైతే తలుపు చాటున ఉన్న గోడ పాత రంగులోనే నిలిచి ఉంటుంది. వెలిసిన పెట్టెను ‘అరుదైన లేత రంగు’గా చూపేవారికి ఈ ఒక్క పని చాలు, మాట మారుతుంది. తరువాత తలుపులను పట్టి ఉంచే లోహపు పట్టీల చుట్టూ చూస్తాను. కర్మాగారంలో రంగు వేశాకే వాటిని బిగించేవారు కనుక, పట్టీల మీద రంగు తుంపరలు కనిపించినా, వాటిని ఊడదీసి మళ్లీ బిగించిన గుర్తులు కనిపించినా అనుమానించాలి.

ఆ తరువాత అక్షరాలు. ఒక వైపు నంబరు గానీ పేరు గానీ లేని పెట్టెలను ‘కర్మాగారపు పొరపాటు’ పేరుతో అమ్ముతుంటారు. వేడి అచ్చుతో ఒత్తిన అక్షరాలు ప్లాస్టిక్‌లో సన్నని పల్లాన్ని మిగులుస్తాయి. వాటిని తుడిచేసినా, దీపాన్ని ఏటవాలుగా పట్టుకుంటే ఆ నొక్కులు తేలిపోతాయి. అతినీలలోహిత దీపం కూడా పనికివస్తుంది. కొత్త రంగులు అనేకం దాని కింద పాత రంగులకు భిన్నంగా వెలుగుతాయి; అయితే అసలుదని నిశ్చయంగా తెలిసిన పెట్టెను పక్కన పెట్టి పోల్చినప్పుడే ఆ వెలుగుకు అర్థం ఉంటుంది.

చక్రాల చట్రాలు, తలుపులు, అట్టపెట్టె: వీటి ఆధారంగా ఎక్కువ ధర ఇవ్వవద్దని నా సలహా. మూడూ తేలికగా మార్చగలిగినవే. పాత కేటలాగు బొమ్మ కూడా ప్రమాణం కాదు, ఎందుకంటే లయనెల్ కేటలాగుల్లో తయారీకి ముందటి నమూనాలను ఆధారంగా చేసుకుని చిత్రించినవి ఉన్నాయి. అమ్మకానికి వచ్చిన వస్తువు వాటికి భిన్నంగా ఉండటం కొత్త కాదు.

పూర్తి రైలు సెట్టు విషయంలో మాత్రం అది వచ్చిన అట్టపెట్టెకు విలువ ఎక్కువ. 1957లో ఆడపిల్లల కోసమని గులాబీరంగు ఇంజనుతో తెచ్చిన సెట్టు అప్పట్లో సరిగా అమ్ముడుపోలేదు. ఆ కారణంగానే నేడు దానికి ఇంత గిరాకీ. తరువాతి కాలంలో దానిని పోలినవి మళ్లీ తయారై వచ్చాయి కనుక, విడివిడిగా కొని కూర్చిన సెట్టుకూ మొదటి నుంచీ కలిసే ఉన్న సెట్టుకూ ఒకే ధర ఇవ్వడం నాకు సబబుగా తోచదు.

మీ అమ్మకందారును తలుపు తెరిచి ఉన్నప్పుడు తీసిన ఫోటో, పెట్టె లోపలి ఫోటో, ఏటవాలు వెలుతురులో అక్షరాల ఫోటో అడగండి. ఈ మూడూ పంపడానికి వెనకాడితే, మామూలు రకానికి ఇచ్చే ధరకు మించి పైసా కూడా పెంచకండి.