ఒకే క్రికెటర్ రెండు దేశాల తరఫున ఆడొచ్చా?

ఆడొచ్చు, ఐసీసీ అర్హత నిబంధనలు ఒప్పుకుంటే చాలు. పుట్టుక, పౌరసత్వం, నివాసం వీటిలో ఏదో ఒకదానితో ఆ దేశానికి అర్హత ఉండాలి. పూర్తి సభ్యదేశానికి (అంటే టెస్టు హోదా ఉన్న దేశానికి) ఆడినవాళ్లు మరో దేశానికి మారాలంటే మూడేళ్లు ఆగాలి. అసోసియేట్ దేశం (టెస్టు హోదా లేని సభ్యదేశం) నుంచి పూర్తి సభ్యదేశానికి వెళ్లేవాళ్లకు ఆ నిరీక్షణ లేదు.

ఇయాన్ మోర్గాన్‌నే చూడండి. డబ్లిన్‌లో పుట్టాడు. 2006లో ఐర్లాండ్ తరఫున తొలి వన్డేలోనే 99 దగ్గర రనౌట్, పాపం! 2007 ప్రపంచకప్ కూడా ఆ జట్టుకే ఆడాడు. అప్పట్లో ఐర్లాండ్‌కు టెస్టు హోదా లేదు, అది వచ్చింది 2017లో. టెస్టులు ఆడాలనుకున్న ఐరిష్ కుర్రాడికి ఇంగ్లండే దారి. అలా 2009లో మారాడు, 2013లో మలహైడ్‌లో ఐర్లాండ్ మీదే 124 నాటౌట్ కొట్టాడు, 2019లో కెప్టెన్‌గా ఇంగ్లండ్‌కు ప్రపంచకప్ అందించాడు.

జట్టు మారితే పాత పరుగులు పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. మోర్గాన్ 7,701 వన్డే పరుగుల్లో ఐర్లాండ్‌కు చేసిన 744 కూడా కలిసే ఉన్నాయి. ఒకసారి మారితే వెనక్కి రాలేరన్నదీ నిజం కాదు: మొదట ఐర్లాండ్‌కు ఆడిన బౌలర్ బోయ్డ్ రాంకిన్ 2014లో ఇంగ్లండ్‌కు టెస్టు ఆడి, 2018లో ఐర్లాండ్ తొలి టెస్టులోనూ బౌలింగ్ వేశాడు.