‘ఏదీ, ఒకటి చెయ్యి!’ అంటే చెయ్యాల్సిందేనా?

పని చేసే చోట మ్యాజిక్ చెయ్యమని అడిగితే ఎప్పుడు ఒప్పుకోవాలి, ఎప్పుడు తప్పించుకోవాలి అంటూ వచ్చిన ఉత్తరాలకి ఈసారి జవాబులు.

ప్రశ్న: ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. పేకముక్కలు, నాణేలతో మ్యాజిక్ వచ్చని తెలిసినప్పటి నుంచి నా టేబుల్ దగ్గర ఆగిన ప్రతివాళ్ళూ ‘ఏదీ, ఒకటి చెయ్యి’ అంటున్నారు. కాదంటే పొగరంటారు. చేస్తే సగంసార్లు దొరికిపోతున్నాను. ఇంట్లో అద్దం ముందు మాత్రం బాగానే వస్తుంది. (కాకినాడ)

జవాబు: అద్దం మీకు ఎదురుగా, ఒకే ఎత్తులో, ఒకే కోణంలో ఉంటుంది. ఆఫీసులో మీరు కుర్చీలో కూర్చుంటారు, చూసేవాళ్ళు నిలబడి పైనుంచి చూస్తారు, ఇంకొకాయన మీ కుర్చీ వీపు మీద చెయ్యేసి వెనకే ఉంటాడు. అరచేతిలో దాచిన 10 రూపాయల నాణెం ముందువాళ్ళకి కనబడకపోయినా ఆయనకి నిక్షేపంలా కనిపిస్తుంది. దీనికి తోడు ‘చెయ్యి’ అన్న మరుక్షణం అందరి చూపూ మీ వేళ్ళకే అతుక్కుపోతుంది. హస్తలాఘవానికి అంతకన్నా గడ్డుకాలం లేదు.

అందుకే కాదనకండి, వెంటనే ఔననీ అనకండి. ‘ఈ వోచర్ ఎక్కించి చూపిస్తా, ఒక్క నిమిషం’ అనండి. మర్యాద కోసం కాదు, అసలు పని ఆ నిమిషంలోనే అయిపోతుంది. పేకముక్కల ఆటే తీసుకోండి. సొరుగులోంచి కట్ట తీసి సర్దుతున్నట్టుగా అడుగు ముక్క ఏదో చూసేసుకోండి, ఇస్పేటు ఏడు అనుకుందాం. అప్పటికి ఆట మొదలైందని ఎవరూ అనుకోరు కాబట్టి ఎవరూ చూడరు. తర్వాత ఒకరిచేత ముక్క తీయించి, గుర్తు పెట్టుకోమని, కట్ట పైన పెట్టించండి. వాళ్ళనే కోయమనండి. కోసిన పై భాగం కిందికి వెళ్ళాక ఇస్పేటు ఏడు సరిగ్గా వాళ్ళ ముక్క మీద కూర్చుంటుంది. బోర్లించి ఉన్న ముక్కల్ని పైనుంచి ఒక్కొక్కటే తిప్పుతూ పరిస్తే ఏడు తర్వాత వచ్చేదే వాళ్ళది. ఏడు ఆఖరున వస్తే మొట్టమొదట పరిచిన ముక్క. పదిసార్లు కోసినా ఈ జంట విడదు, కలిపితే మాత్రం విడిపోవచ్చు. అందుకే కట్ట వాళ్ళ చేతికిచ్చి ‘కలపండి’ అనకూడదు, ‘కోయండి’ అనాలి.

అయితే ఒక మాట. మన ఊళ్ళల్లో ఆఫీసు టేబుల్ మీద పేక కట్ట కనిపిస్తే ఎవరికీ మ్యాజిక్ గుర్తు రాదు, పేకాటే గుర్తొస్తుంది. దూరం నుంచి చూసిన మేనేజరుకి అక్కడ డబ్బు లేదని తెలియదు. పేక భోజనాల గదికి, అదీ అరగంట ఖాళీ ఉన్న రోజుకి ఉంచుకోండి.

టేబుల్ దగ్గరికైతే ఆఫీసు సామానుతోనే చేసేది ఒకటి చాలు. ఏ4 కాగితం పొట్టి అంచు వెంబడి 7 సెం.మీ. వెడల్పున పట్టీ కత్తిరించండి. 7 × 21 వస్తుంది. దాన్ని మూడు సమానమైన మడతలుగా, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ మడవండి. పై అంచు మీదుగా చూస్తే జెడ్ అక్షరంలా ఉండాలి. ముందు మడతనీ మధ్య పొరనీ కలిపి పై అంచున ఒక జెమ్ క్లిప్, వెనక మడతనీ మధ్య పొరనీ కలిపి అదే అంచున ఇంకొకటి పెట్టండి. రెంటికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పట్టీ రెండు కొసలూ పట్టుకుని, క్లిప్పులు దగ్గరపడేదాకా నెమ్మదిగా లాగి, ఆఖర్న ఒక్క గుంజు గుంజండి. క్లిప్పులు రెండూ ఎగిరి, ఒకదానిలో ఒకటి తగులుకుని కింద పడతాయి. కుదరలేదంటే క్లిప్పు మూడు పొరల్నీ పట్టేసిందన్నమాట, కాగితం కూడా చిరుగుతుంది. ముఖం ఎత్తులో లాగొద్దు, క్లిప్పు కంటికి తగలొచ్చు. దీనికి కోణాల బెడద లేదు, వెనక ఎంతమంది నిలబడినా పరవాలేదు. అంతా కలిపి అర నిమిషం.

గట్టిగా ‘ఇప్పుడు కాదు’ అనాల్సిన రోజులూ ఉన్నాయి. నెలనెలా వేసే జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-3బి గడువు 20వ తేదీ, దాని ముందురోజు సాయంత్రం వద్దు. మీ సంతకం కోసం ఎవరైనా కాగితం పట్టుకుని నిలబడి ఉంటే అసలే వద్దు. అడిగినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోతారు, పక్క టేబుల్‌లో లెక్క తప్పినవాళ్ళు మాత్రం గుర్తు పెట్టుకుంటారు.

ప్రశ్న: క్లయింట్లు వచ్చినప్పుడు మా బాస్ ‘మావాడు మ్యాజిక్ చేస్తాడు’ అని పరిచయం చేసి అక్కడికక్కడే చెయ్యమంటారు. ఒకోసారి వీడియో కాల్‌లో కూడా. (హైదరాబాద్)

జవాబు: బాస్ అడిగారు కాబట్టి చెయ్యక తప్పదు, ఏది చెయ్యాలన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది. క్లయింటు ఉంగరం, ఫోను, నోటు అడగొద్దు. 500 నోటు చింపి అతికించే ఆటలో పొరపాటు జరిగితే అక్కడ చినిగేది బేరమే. నోటు మీద సంతకం చేయించడమూ వద్దు, నోట్ల మీద రాయొద్దని రిజర్వు బ్యాంకే చెబుతోంది. క్లయింటుని తప్పు ఊహించేలా చేసి నవ్వించే ఆటలు ఇంకా ప్రమాదం. బకరా కావాలంటే మీ బాస్‌నే చెయ్యండి, అదీ ముందే ఆయన చెవిన వేసి.

వీడియో కాల్‌లో ఒకే కోణం కాబట్టి హాయి అనిపిస్తుంది. రికార్డింగ్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. మెల్లగా తిప్పి చూస్తే నిలబడే హస్తలాఘవం చాలా తక్కువ.

ప్రశ్న: పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. ఒక పాపకి చూపిస్తే వార్డంతా అడుగుతోంది. (వరంగల్)

జవాబు: అన్నిటికన్నా విలువైన ప్రేక్షకులు, అన్నిటికన్నా జాగ్రత్త కావలసినవాళ్ళూ వీళ్ళే. మందుల రౌండ్ మధ్యలో ఎంత బతిమాలినా ఆగొద్దు, డోసు లెక్క తప్పేది అలాంటప్పుడే. రౌండ్ అయ్యాక ఏ మంచం దగ్గర మొదలుపెడతారో పిల్లలకి ముందే చెబితే గోల తగ్గుతుంది. ఇంజెక్షన్ సమయంలో మ్యాజిక్ బాగా పనికొస్తుంది, కానీ సూది పట్టుకున్న మనిషి కాకుండా ఇంకొకరు చెయ్యాలి. ‘నొప్పే ఉండదు’ అని మాట ఇవ్వకండి.

ఇక సామాను. చిన్నపిల్లల దగ్గర నాణేలు, స్పాంజి బంతులు వద్దు, మూడేళ్ళలోపు వాళ్ళయితే మరీను. గొంతులో ఇరుక్కుంటాయి. బొటనవేలికి తొడుక్కునే ఎర్ర లైటు ఆట పిల్లలకి ప్రాణం. దాని లోపల ఉండేది బటన్ బ్యాటరీ. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. ఆ లైటు మంచం మీద మరిచిపోవడం కన్నా అసలు తేకపోవడం మేలు. రబ్బరు బ్యాండ్లలో లేటెక్స్ ఉంటుంది, అలర్జీ సంగతి కేస్ షీటులో చూడండి. అట్టముక్కల పేక కడగలేం. ప్లాస్టిక్ ముక్కలైతే మంచం మంచానికీ మధ్య స్పిరిట్‌తో తుడవచ్చు. కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నగొట్టం) ఉన్న చేతికి ఏమీ పట్టించొద్దు. ఆక్సిజన్ ఉన్నచోట అగ్గి ఆటల ఊసే వద్దు. అన్నట్టు, చెవి వెనక నుంచి చాక్లెట్ తీసే ముందు ఆ బిడ్డకి ఆపరేషన్ ఉందేమో, ఏమీ పెట్టొద్దన్నారేమో కనుక్కోండి.

ప్రశ్న: బ్యాంకు క్యాషియర్ని. కౌంటర్ దగ్గర ఖాతాదారుల పిల్లలకి నాణెం మాయం చేసి చూపించవచ్చా? (నంద్యాల)

జవాబు: వద్దు. మీ నెత్తిమీద కెమెరా ఉంది. డబ్బు చేతిలోంచి మాయమయ్యే దృశ్యం కోసమే దాన్ని పెట్టారు. ‘చేతివాటం’ అనే మాటకి క్యాష్ కౌంటర్ దగ్గర వేరే అర్థం ఉంది. క్యాష్ ముగించి, క్యాబిన్ తాళం వేశాక, సొంత నాణెంతో బయట చేసుకోండి.

ప్రశ్న: ‘మళ్ళీ చెయ్యి’, ‘ఎలా చేశావో చెప్పు’. ఈ రెండింటికీ ఏం చెప్పాలి? (విశాఖపట్నం)

జవాబు: ఏం జరగబోతోందో ముందు చెప్పొద్దు, అదే ఆట మళ్ళీ చెయ్యొద్దు, గుట్టు విప్పొద్దు. ఈ మూడూ అమెరికా ఇంద్రజాలికుడు హోవర్డ్ థర్‌స్టన్ (1869–1936) పేరు మీద చెలామణీ అవుతున్న నియమాలు. రెండోసారి చూసేవాళ్ళకి ఎప్పుడు, ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది. మళ్ళీ అంటే వేరే ఆట చెయ్యండి, వేరేది లేకపోతే ‘రేపు’ అనండి.

గుట్టు అడిగేవాళ్ళలో నిజంగా నేర్చుకోవాలనుకునేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకి పైన చెప్పిన క్లిప్పుల ఆట నేర్పండి. అది దాచుకునే రహస్యం కాదు, పజిల్ లాంటిది. చూస్తూనే ఉన్నా సరదా తగ్గదు, మర్నాటికి ఇంకో నలుగురికి చూపిస్తారు. జెమ్ క్లిప్పుల డబ్బా మాత్రం మీ సొంతానిది కొనుక్కోండి. స్టోర్స్‌లో ఇండెంటు పెట్టినవి వారానికి మిగలవు.