కార్టిసాల్ పెరిగితే భయం వద్దు, రక్తస్రావాన్ని మాత్రం దాచవద్దు

ప్రశ్న: మేడమ్, మా అక్కయ్యకు 64 ఏళ్లు. డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. షుగర్, బీపీ ఎంతకీ అదుపులోకి రాకపోతే పరీక్షలు చేసి కుషింగ్స్ జబ్బు, అంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ మితిమీరి తయారయ్యే జబ్బు అన్నారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డకు ఆపరేషన్ చేసినా పూర్తిగా నయం కాలేదు. ఎనిమిది నెలలుగా మిఫెప్రిస్టోన్ మాత్ర వేసుకుంటోంది. షుగర్ తగ్గింది. కానీ రిపోర్టులో కార్టిసాల్ ఇదివరకటి కంటే ఎక్కువ వచ్చింది, పొటాషియం 3.1 ఉంది. ముట్లు ఎప్పుడో ఆగిపోయిన మనిషికి మళ్లీ ఎరుపు కనిపిస్తోందట. కొడుక్కి చెప్పలేక నాకు ఫోన్ చేసింది. అది గర్భం పోవడానికి వాడే మందని తెలిసి ఇంకా టెన్షన్ పడుతోంది. ఆపేయమని చెప్పనా? పొటాషియానికి కొబ్బరినీళ్లు చాలవా? సంక్రాంతికి ఇండియా వస్తానంటోంది.
– ఒక సోదరి, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన ఎరుపు సంగతే అన్నిటికంటే ముఖ్యం. ముట్లు ఆగాక ఒక్క చుక్క కనిపించినా డాక్టరుకు చెప్పి తీరాలి. ఈ మందు వాడేవాళ్లయితే ఆ రోజే చెప్పాలి. కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లకు ఈ మాత్ర ఇవ్వకూడదు. ఆపాలా, కొనసాగించాలా అన్నది ఆ డాక్టరే నిర్ణయించాలి. మీరూ నేనూ ఫోన్‌లో తేల్చేది కాదు. కొడుకు ముందు చెప్పడానికి మొహమాటమైతే అతన్ని బయట కూర్చోబెట్టమనండి. అక్కడి ఆస్పత్రుల్లో తెలుగు దుబాసీ కావాలని అడిగితే ఫోన్‌లోనైనా ఏర్పాటు చేస్తారు, డబ్బులు తీసుకోరు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని మీరు గట్టిగా చెప్పండి.

మందు అదే, నిజమే. గర్భాన్ని నిలిపే హార్మోన్ ప్రొజెస్టెరాన్‌ను పని చేయనివ్వదు కాబట్టి గర్భస్రావానికి వాడతారు. అది కార్టిసాల్‌ను కూడా పని చేయనివ్వదు. అందుకే కుషింగ్స్‌తో పాటు షుగర్ ఉన్నవాళ్ల కోసం 2012లో అమెరికా ప్రభుత్వం దీన్ని అనుమతించింది. కార్టిసాల్ తయారీని ఇది ఆపదు, ఒంట్లో దాని ప్రభావాన్ని ఆపుతుంది. పిట్యూటరీకి కూడా ఆ ప్రభావం తెలియదు కాబట్టి, కార్టిసాల్ చాలడం లేదనుకుని కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులను ఇంకా తయారు చేయమంటుంది. అందుకే రక్తంలో కార్టిసాల్ పెరుగుతుంది. ఈ మందు పడుతున్నంతకాలం ఆ అంకె చూసి జబ్బు ముదిరిందని అనుకోకండి. షుగర్, బరువు, బీపీ, కండల బలం ఎలా ఉన్నాయో చూడాలి.

అలా తొందరపెట్టిన అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ ఒక్కటే చేయవు, ఆండ్రోస్టెన్‌డయోన్ అనే హార్మోన్‌ను కూడా ఎక్కువ చేస్తాయి. మెనోపాజ్ దాటిన స్త్రీకి అండాశయాలు విశ్రాంతిలో ఉన్నా, ఒంట్లోని కొవ్వు ఆ హార్మోన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ వైద్యులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని స్పష్టంగా చూపించారు. రొమ్ము క్యాన్సర్ ముదిరిన, ముట్లు ఆగిన 11 మందికి ఈ మందు రోజూ ఇస్తే కార్టిసాల్, ఆండ్రోస్టెన్‌డయోన్, ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) మూడూ పెరిగాయి. ఆ ఈస్ట్రోజెన్ గర్భాశయం లోపలి పొరను పెంచుతుంది. దాన్ని అదుపు చేయాల్సిన ప్రొజెస్టెరాన్‌ను మందు పని చేయనివ్వదు. పొర మందమై రక్తం కనబడటానికి కారణం ఇదే కావచ్చు. కానీ క్యాన్సర్ కాదని తేల్చుకోకుండా మందు మీదకు నెట్టేయడం ప్రమాదం. స్కాన్, అవసరమైతే పొర ముక్క తీసి పరీక్ష చేయాలి. ఆ ముక్కను చూసే పాథాలజిస్టుకు ఈ మందు సంగతి తప్పనిసరిగా తెలియాలి. ఇది పొరలో తెచ్చే మార్పులు వేరుగా ఉంటాయి, తెలియకపోతే వేరే జబ్బుగా పొరబడవచ్చు.

పొటాషియం 3.1 అంటే తక్కువే. పెరిగిన కార్టిసాల్ కిడ్నీల మీద మరో దారిలో పని చేస్తుంది, ఆ దారిని ఈ మందు అడ్డుకోదు. అందుకే పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ కూడా పెరగొచ్చు. కొబ్బరినీళ్లు దీనికి చాలవమ్మా. పైగా షుగర్ మనిషి. పొటాషియం మందు, చాలాసార్లు పొటాషియం మూత్రంలో పోకుండా ఆపే స్పైరనోలాక్టోన్ కూడా అవసరమవుతాయి. కాళ్లు లాగేసినా, గుండె దడదడలాడినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇక ప్రయాణం. వాంతులు, విపరీతమైన నీరసం, ఆకలి చచ్చిపోవడం, షుగర్ పడిపోవడం కనిపిస్తే ఒంటికి కార్టిసాల్ అందడం లేదని అనుమానించాలి. అప్పుడు రక్తపరీక్షలో కార్టిసాల్ ఎక్కువే కనబడుతుంది, మందు సంగతి తెలియని క్యాజువాలిటీ డాక్టరు అది చూసి మోసపోతాడు. వెంటనే మాత్ర ఆపి స్టెరాయిడ్ ఇవ్వాలి, మామూలు కంటే పెద్ద మోతాదు పట్టవచ్చు. ఒంట్లో మందు సగానికి తగ్గడానికే మూడు రోజులు దాటుతుంది కాబట్టి చికిత్స కొన్ని రోజులు సాగాలి. ఇదంతా ఒక కాగితం మీద డాక్టరు చేత రాయించి పర్సులో పెట్టుకోమనండి. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడుతోందేమో అడగండి, ఈ మందుతో అది పనికిరాదు. కాకినాడ వచ్చాక తామరకని మెడికల్ షాపులో ఇట్రాకొనజోల్ లాంటివి తెచ్చి ఇవ్వకండి, అవి ఈ మందును ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. రక్తస్రావం పరీక్షలు పూర్తయి, పొటాషియం సరైన తర్వాతే టికెట్ తీయమనండి.