రేడియోధార్మిక విఘటనాలపై పీహెచ్‌డీ: అమ్మాయికి ప్రమాదమా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ రెండో ఏడాది చదువుతోంది. అతి శీతల క్రిస్టల్ డిటెక్టర్లతో అరుదైన రేడియోధార్మిక విఘటనాలను వెతికే పరిశోధన చేస్తానంటోంది. రేడియేషన్ అంటే మాకు భయం. ఎంసీఏలో చేర్పించడం మేలా?

- ఒక తండ్రి

జవాబు: ముందు మీ భయం సంగతి. అందరి కంటే ఎక్కువగా రేడియేషన్‌ను దూరం పెట్టేది ఈ రంగంలోని వాళ్లే. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1,400 మీటర్ల రాతి అడుగున, 2017లో క్యువోరే అనే ప్రయోగం మొదలైంది. అందులో 988 టెల్లూరియం డయాక్సైడ్ క్రిస్టల్స్ ఉన్నాయి. బయటి రేడియేషన్ వాటిని తాకకుండా అడ్డుగా పెట్టిన సీసంలో కొంత, రెండు వేల ఏళ్ల కిందట మునిగిపోయిన రోమన్ ఓడలోది! కొత్త సీసంలో ఉండే కాస్త రేడియోధార్మికత కూడా కొలతను పాడుచేస్తుంది. పాత సీసంలో అది ఎప్పుడో అణగిపోయింది.

ఒక్కో క్రిస్టల్ అయిదు సెంటీమీటర్ల ఘనం, బరువు 750 గ్రాములు. దాన్ని పరమ శూన్య ఉష్ణోగ్రతకు (అంతకంటే చల్లబడటం సాధ్యం కాని, దాదాపు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కు) డిగ్రీలో వందో వంతు దూరం వరకు చల్లబరుస్తారు. అంత చలిలో ఒక్క పరమాణు కేంద్రకం విఘటనం చెందినా, అంటే దానంతటదే మారిపోయి శక్తిని వదిలినా, క్రిస్టల్ డిగ్రీలో పదివేలో వంతు స్థాయిలో వేడెక్కుతుంది. ఆ చిన్న వెచ్చదనాన్నే పట్టుకుంటారు. స్థిరమైనదని అందరూ నమ్మిన బిస్మత్-209 కూడా విఘటనం చెందుతుందని 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు బయటపెట్టింది ఇలాంటి డిటెక్టర్లతోనే. దాని అర్ధజీవిత కాలం, అంటే ఉన్న పరమాణువుల్లో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం, విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లకు పైనే. నాకైతే ఇది చదివిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒక నిజం మాత్రం దాచను. క్యువోరే ముఖ్యంగా వెతికే న్యూట్రినోలు లేని ద్వంద్వ బీటా విఘటనం (కేంద్రకం ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లను వదిలి, న్యూట్రినోలనే సూక్ష్మ కణాలను మాత్రం వదలకపోవడం) ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయిదారేళ్లు కష్టపడి ‘కనబడలేదు’ అని థీసిస్ రాయాల్సి రావచ్చు. దానికీ పీహెచ్‌డీ ఇస్తారు, దానికీ విలువ ఉంటుంది. కానీ ఆ ఓపిక అమ్మాయికి ఉండాలి.

ఆమెకు నిజంగా ఇష్టమైతే ఎంసీఏ మాట పక్కన పెట్టండి. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో తగరంతో ఇలాంటి డిటెక్టర్ల మీద పని జరిగింది. బీఎస్సీ తర్వాత అక్కడి ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి (ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే కోర్సుకు) ప్రయత్నించవచ్చు. ఎమ్మెస్సీకి జామ్, పీహెచ్‌డీకి జెస్ట్ అనే ప్రవేశ పరీక్షలు కూడా రాయొచ్చు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ కింద నెలకు రూ.37,000 వస్తుంది కాబట్టి మీ మీద ఫీజుల భారం పెద్దగా పడదు. ఉద్యోగం గురించా? ఈ క్రిస్టల్స్‌ను చల్లబరిచే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్లే సూపర్‌కండక్టింగ్ క్వాంటమ్ కంప్యూటర్లకూ కావాలి. వాటిని నడపడం, వైరింగ్ చేయడం, సిగ్నల్‌లోంచి నాయిస్ తీయడం వచ్చినవాళ్లు మన దగ్గర తక్కువ.

ఈలోగా ఆమె సోల్డరింగ్, పైథాన్ నేర్చుకోవాలి. ల్యాబ్ రికార్డు తీసి చూడండి. రీడింగులు తను తీసినవా, సీనియర్ల రికార్డు చూసి వేసినవా? రెండోదైతే, వచ్చే ప్రాక్టికల్ నుంచే ఆ అలవాటు మాన్పించండి. తప్పొచ్చినా సరే, మీటరు ఏం చూపిస్తే అదే రాయమనండి.