రైలు దిగాక చెవుల్లో మోత: సమాధానం
రాయగడ నుంచి విశాఖ వెళ్లే రైలులో పాటలు విన్న ప్రతి రాత్రీ చెవుల్లో గుయ్‌మని మోత వస్తోందని, కొత్త ఇయర్‌ఫోన్లు కొన్నా తగ్గడం లేదని మీరు అడిగారు. దానికి కారణం ఇయర్‌ఫోన్ల లోపం కాక, చక్రాల రొదను మించి వినపడాలని మీరు పెంచిన వాల్యూమే కావచ్చు. కొత్త జత కొన్నా మోత తగ్గకపోవడం అందుకే.

1. చాలామంది వదిలేసే పని ఇది: వాల్యూమ్‌ను ఇంట్లో, నిశ్శబ్దంలో నిర్ణయించుకుని, ఫోన్ సెట్టింగుల్లో దానినే గరిష్ఠ పరిమితిగా పెట్టండి; రైల్లో పాట వినపడకపోతే ఆ పరిమితిని ముట్టుకోకుండా, చెవికి బిగువుగా అమరే సిలికాన్ టిప్పులతో బయటి రొదను తగ్గించండి.

2. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెళ్ల (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) వద్ద వారానికి 40 గంటలు వినవచ్చు. 90 వద్ద 4 గంటలే (తేడా పదే కదా అనుకోవద్దు).

3. మోత రెండు రోజులు దాటితే చెవి వైద్యుని వద్ద ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించుకోండి. వినికిడి హఠాత్తుగా మందగిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి.